లోతు సముద్రం, మెత్తని బురద: లంగర్లు, పునాదుల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

కాకినాడ, అమలాపురం వైపు నుంచి చెన్నై వచ్చి ఆఫ్‌షోర్ డిజైన్ ఆఫీసుల్లో చేరే మనవాళ్ళు ఏటా కొందరుంటారు. గిండీలోనో ఐఐటీలోనో ఎంటెక్ చేస్తూ ప్రాజెక్టు కోసం తిరిగేవాళ్ళు ఇంకొందరు. క్యాంటీన్లో, వాట్సాప్‌లో, పండక్కి ఊరెళ్తూ సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో వాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే: సముద్రంలో చమురు, గ్యాస్ తీసే తేలే ఓడల్నీ ప్లాట్‌ఫారమ్‌లనీ అడుగు బురదకు ఎలా కట్టి నిలుపుతారని. ఎవరికి వాళ్ళకి మళ్ళీ మళ్ళీ చెప్పే బదులు ఒకచోట రాసిపెడుతున్నాను. ఫార్ములాల వెనక ఉన్న లెక్క అర్థం కావాలని అంకెలు కూడా వేశాను. అవి ఉదాహరణకే, డిజైన్‌కి వాడేయకండి.

లోతైన నీరు అంటే ఎంత లోతు?

గీత గీసినట్టు ఒక అంకె లేదు. వాడుకలో 300 నుంచి 500 మీటర్లు దాటితే డీప్‌వాటర్ అంటారు, 1,500 దాటితే అల్ట్రా డీప్. మన కృష్ణా-గోదావరి బేసిన్‌లో రెండూ ఉన్నాయి. 2009 ఏప్రిల్‌లో డీ6 అనే గ్యాస్ బ్లాకు నుంచి గ్యాస్ గాడిమొగ టెర్మినల్‌కి వచ్చింది. 2020 డిసెంబరులో అదే బ్లాకులో మొదలైన ఆర్-క్లస్టర్ బావుల మీద నీళ్ళే దాదాపు 2 కిలోమీటర్లు. 2024 జనవరిలో ఓఎన్జీసీ 98/2 బ్లాకు నుంచి తొలి చమురు తీసింది. ఇవన్నీ కాకినాడ, కోనసీమ తీరాలకు ఎదురుగా ఉన్నవే.

అంత లోతున రాయి ఉండదా? నిజంగా బురదేనా?

నిజంగా బురదే. నది తెచ్చిన ఇసుక చాలావరకు తీరం దగ్గరే ఆగిపోతుంది. సన్నని మన్ను మాత్రం చాలా దూరం కొట్టుకెళ్ళి, వేల ఏళ్ళపాటు కొద్దికొద్దిగా దిగుతుంది. దాని మీద దాని బరువు తప్ప వేరే బరువు ఎప్పుడూ పడలేదు కాబట్టి గట్టిపడే అవకాశమే రాలేదు. రాయి కావాలంటే ఆ మట్టి కింద ఇంకా చాలా దూరం పోవాలి, మన లంగరు అంత దూరం పోదు.

పైన ఒకటి రెండు మీటర్లలో షియర్ స్ట్రెంత్, అంటే మట్టి తెగి జారకుండా తట్టుకునే బలం, 2 నుంచి 5 కిలోపాస్కల్ ఉంటుంది (కిలోపాస్కల్ అంటే చదరపు మీటరుకు ఒక కిలోన్యూటన్, సుమారు 100 కిలోల బరువు). గేదెపాలు తోడుపెడితే వచ్చే గడ్డపెరుగును వేలితో నొక్కి చూడండి, కాస్త అటూ ఇటూగా అలాగే ఉంటుంది. మట్టి బరువు కంటే అందులోని నీళ్ళ బరువే ఎక్కువుండటం మామూలు. చెన్నైలో బిల్డింగులు కట్టే ఇంజనీరుకు ఆ రిపోర్టు చూపిస్తే ముందు స్థలం మార్చమంటాడు. మనకు ఆ వెసులుబాటు లేదు. గ్యాస్ ఎక్కడుంటే అక్కడే కట్టాలి.

మరి అందులో ఏదైనా ఎలా నిలుస్తుంది?

ఆ బురదకు ఒక మంచి గుణం ఉంది. లోతుకు వెళ్ళేకొద్దీ బలం క్రమం తప్పకుండా పెరుగుతుంది, మీటరుకు సుమారు 1 నుంచి 2 కిలోపాస్కల్ చొప్పున. మీటరుకు 1.5 అనుకుంటే 20 మీటర్ల లోతున 30 కిలోపాస్కల్ దొరుకుతుంది. కాబట్టి ఈ రంగంలో కనిపించే రకరకాల లంగర్లన్నిటి వెనకా ఉన్న ఆలోచన ఒక్కటే: బలం ఉన్న లోతుకు ఇనుమును దించాలి, దించేటప్పుడు మట్టిని వీలైనంత తక్కువ చెదరగొట్టాలి. ఏ రకమైనా ఈ రెండిటిలో ఎంత నెగ్గింది, ఎంత ఖర్చుతో నెగ్గింది అనే చూడాలి. కేటలాగులో రాసిన హోల్డింగ్ కెపాసిటీ ఏ మట్టికో తెలియకుండా దాన్ని నమ్మకూడదు.

సక్షన్ పైల్ అంటే ఏమిటి? పంపు పెట్టి లాగితే అదే దిగుతుందా?

దిగుతుంది. పైన మూత ఉండి కింద తెరిచి ఉన్న పెద్ద ఇనుప గొట్టం అనుకోండి. 5 మీటర్ల వ్యాసం, 22 మీటర్ల పొడవు, 40 మిల్లీమీటర్ల మందం ఉంటే బరువు వంద టన్నులకు పైమాటే. క్రేన్‌తో అడుగుకు దించుతారు. మూతలో వాల్వులు తెరిచే ఉంటాయి, లోపలి నీళ్ళు బయటికి పోతాయి. సొంత బరువుకే సగం దాకా దిగి ఆగుతుంది. అప్పుడు ఆర్‌ఓవీ (ఓడ మీది నుంచి నడిపే నీటి కింది రోబో) వచ్చి వాల్వులు మూసి, పంపు తగిలించి లోపలి నీళ్ళు బయటికి తోడుతుంది. లోపల ప్రెషర్ తగ్గుతుంది, బయట సముద్రం మూతను కిందికి నొక్కుతుంది.

లెక్క చూడండి. మూత వైశాల్యం సుమారు 19.6 చదరపు మీటర్లు. లోపలికీ బయటికీ తేడా 100 కిలోపాస్కల్ ఉంటే, అంటే ఒక్క వాతావరణ పీడనమంత, 200 టన్నుల బరువు మీద పెట్టినట్టే. పైన చెప్పిన మట్టిలో ఈ పైల్‌ని 20 మీటర్లు దించడానికి చివర్లో కావలసింది దాదాపు 120 కిలోపాస్కల్. 1,200 మీటర్ల లోతున చుట్టూ ఉన్న నీటి ప్రెషర్ 120 వాతావరణాలు. అందులో మనం వాడుకునేది ఒక్క శాతమే.

మరీ గట్టిగా తోడితే గొట్టం దిగే బదులు లోపలి మట్టే పైకి ఉబ్బుతుంది. దాన్ని ప్లగ్ హీవ్ అంటారు. ఈ ఉదాహరణలో ఆ హద్దు 300 కిలోపాస్కల్ పైన ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. కానీ పైల్ వ్యాసం తగ్గి పొడవు పెరిగేకొద్దీ ఆ రెండు అంకెలూ దగ్గరపడతాయి. మెత్తని మట్టిలో పొడవు వ్యాసానికి ఐదారు రెట్లు దాటించకపోవడానికి కారణం ఇదే.

ఓడ మీద కంట్రోల్ రూమ్‌లో చూస్తే హడావుడి ఏమీ ఉండదు. తెర మీద నాలుగు అంకెలు మెల్లగా మారుతుంటాయి: ప్రెషర్ తేడా, దిగిన లోతు, వంపు, పైల్ తిరిగిన కోణం. పక్కన కాగితం మీద మనం ముందే గీసుకున్న లోతు-ప్రెషర్ గ్రాఫ్. చుక్కలు ఆ గీతల మధ్యలో పడుతున్నంతసేపు ఎవరూ మాట్లాడరు. పై గీత దాటాయంటే టెన్షన్ మొదలు: కింద గట్టి పొర తగిలిందా, లేక మన మట్టి రిపోర్టే తప్పా? వంపు సాధారణంగా 5 డిగ్రీలకు మించనివ్వరు.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1980 ప్రాంతంలో డెన్మార్క్ గోర్మ్ క్షేత్రంలో 40 మీటర్ల నీటిలో 12 సక్షన్ పైల్స్ వేశారు. 1994లో నార్వే డ్రౌప్నర్-ఇ ప్లాట్‌ఫారమ్‌కి నాలుగు కాళ్ళ కిందా సక్షన్ బకెట్లే పెట్టారు. అక్కడ అడుగు ఇసుక, మన కథ వేరు. కానీ 1995 జనవరి 1న 25 మీటర్లు దాటిన ప్రసిద్ధ రాకాసి అల నమోదైంది ఆ ప్లాట్‌ఫారమ్ దగ్గరే అని గుర్తుంచుకుంటే పద్ధతి మీద నమ్మకం పెరుగుతుంది.

పంపు తీసేశాక పైకి లాగితే ఊడి రాదా?

అందరూ అడిగే ప్రశ్న ఇది. పంపు పని దించడంతో అయిపోతుంది. తరవాత పట్టేది మట్టే.

అదే పైల్, 20 మీటర్లు దిగింది. బయటి గోడ వైశాల్యం 314 చదరపు మీటర్లు, సగటు బలం 15 కిలోపాస్కల్, గోడకు అంటుకునేది అందులో 65 శాతం అనుకుంటే రాపిడి వల్ల సుమారు 3,060 కిలోన్యూటన్లు. ఇక పైల్ పైకి కదలాలంటే లోపలి మట్టి ముద్దను కూడా తీసుకెళ్ళాలి. మూత మూసి ఉంది కాబట్టి కింద ఖాళీ ఏర్పడనివ్వదు, అడుగు మట్టి చుట్టూ నుంచి లోనికి రావాల్సిందే. దాన్ని రివర్స్ ఎండ్ బేరింగ్ అంటారు: 9 × 30 × 19.6 (బేరింగ్ ఫ్యాక్టర్, కొస దగ్గర మట్టి బలం, వైశాల్యం), దాదాపు 5,300 కిలోన్యూటన్లు. రెండూ కలిపితే 850 టన్నులు. పైల్ బరువు అదనం.

మొత్తంలో పెద్ద భాగం రెండోది. అది మూత గట్టిగా మూసి ఉన్నంతవరకే దొరుకుతుంది. ఒక వాల్వు సీలు సరిగా పడకపోయినా, బరువు నెలల తరబడి ఆగకుండా పైకి లాగుతున్నా ఆ 5,300ను పూర్తిగా లెక్కలోకి తీసుకోకూడదు. చిన్న వాల్వే కదా అని డ్రాయింగులో దాన్ని పట్టించుకోని జూనియర్లను చూస్తుంటాను. సగానికి పైగా బలం ఆ వాల్వు చేతిలో ఉంది.

గొలుసును పైల్ తలకు కాకుండా పక్కన, లోతులో ఎందుకు కడతారు?

తలకు కడితే పక్కకు లాగినప్పుడు పైల్ ఒరుగుతుంది. ఒరిగితే పైనున్న మెత్తని మట్టే ఎక్కువ భారం మోయాలి. దిగిన లోతులో సుమారు మూడింట రెండు వంతుల దగ్గర కడితే పైల్ నిటారుగానే పక్కకు జరగడానికి చూస్తుంది, మట్టి మొత్తం ఎదురు నిలుస్తుంది. అప్పుడు పక్క బలం దాదాపు 10 × 5 × 20 × 15 (ఫ్యాక్టర్, వ్యాసం, లోతు, సగటు మట్టి బలం), అంటే 15,000 కిలోన్యూటన్ల దాకా పోతుంది. ఆ గొలుసు తగిలించే ఇనుప చెవిని పాడ్ ఐ అంటారు.

ఇందులో ఒక చిక్కుంది, పరిశ్రమకు అది ఆలస్యంగా తెలిసింది. పాతిన గొలుసు అలల వల్ల పైకీ కిందికీ ఆడుతూ ఏళ్ళ తరబడి మట్టిని కోస్తుంది. ఈక్వటోరియల్ గినియా దగ్గర సెర్పెంటీనా అనే ఎఫ్‌పీఎస్‌ఓ (చమురు శుద్ధి చేసి నిల్వ ఉంచే తేలే ఓడ) లంగర్లను పరిశీలిస్తే సక్షన్ పైల్స్ ముందు లోతైన కందకాలు కనిపించాయి. ఎదురు నిలవాల్సిన మట్టే లేకుండా పోయింది. చివరికి పైల్స్ మార్చాల్సి వచ్చింది. తరవాత గినియా అఖాతంలో ఇంకొన్ని చోట్ల కూడా ఇలాంటి కందకాలు బయటపడ్డాయి. ఇప్పుడు డిజైన్‌లోనే ముందు భాగపు మట్టి కొంత పోతుందని లెక్కవేసి పాడ్ ఐని కాస్త పైకి జరపాలా అని ఆలోచిస్తున్నారు. జరిపితే పక్క బలం తగ్గుతుంది. ఎంత జరపాలన్న దాని మీద ఇంకా అందరూ ఒక మాటకు రాలేదు.

ఓడలకు వాడే మామూలు లంగరు చాలదా?

ఆ రకాన్ని డ్రాగ్ లంగరు అంటారు. అది మట్టిని తవ్వుకుంటూ లోపలికి దిగుతుంది, మెత్తని మట్టిలో బాగానే పట్టుకుంటుంది. కానీ దానికి లాగు అడ్డంగా ఉండాలి, అంటే గొలుసు చాలా దూరం అడుగున పడుకుని ఉండాలి. 120 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకు 280 కిలోల పైన తూగుతుంది. 1,500 మీటర్ల నీటిలో నిలువుగా వేలాడేదే, నీరు తేల్చేది తీసేసినా, 350 టన్నులు దాటుతుంది, అదంతా పైనున్న ఓడ మోయాలి. అందుకని మధ్యలో పాలిస్టర్ మోకు వేసి బిగుతుగా ఏటవాలుగా కడతారు. బిగుతుగా కడితే అడుగున లాగు పైకి కూడా ఉంటుంది, అది మామూలు డ్రాగ్ లంగరుకు పడదు.

దానికి ప్లేట్ లంగర్లు వచ్చాయి. లాగి దించాక పలకను తాడుకు అడ్డంగా తిప్పేవి ఒక రకం. సక్షన్ పైల్ కొసకు పలక తగిలించి, లోతుకు దించి, పైల్‌ని వెనక్కి తీసుకుని ఇంకో చోట వాడుకునేవి రెండో రకం, వాటిని సెప్లా అంటారు. పలక తిరిగేటప్పుడు కొంత పైకి జారుతుంది. మీటరు జారితే 1.5 కిలోపాస్కల్ పోయినట్టే. ఇనుము ఎంత ఆదా అయినా ఆ జారుడు ఎంతో సరిగ్గా తెలియనప్పుడు శాశ్వత మూరింగ్‌కి (ఓడను లంగర్లకు కట్టి నిలపడానికి) నేనైతే సక్షన్ పైల్ వైపే మొగ్గుతాను. డ్రిల్లింగ్ రిగ్గులాంటి తాత్కాలిక పనికి ప్లేట్ హాయి.

టార్పెడో లంగరు నిజమేనా? పైనుంచి పడేయడమేనా?

నిజమే. బ్రెజిల్ పెట్రోబ్రాస్ వాళ్ళది ఆ పద్ధతి. రెక్కలున్న బరువైన ఇనుప గొట్టాన్ని అడుగుకు కొన్ని పదుల మీటర్ల పైనుంచి వదిలేస్తారు, తన వేగంతోనే గుచ్చుకుంటుంది. పెద్దది 98 టన్నులు, 17 మీటర్ల పొడవు. పంపు అక్కర్లేదు, ఎక్కువసేపు ఓడ అక్కర్లేదు. ఎంత దిగిందో, ఎంత వంగిందో మాత్రం పడ్డాకే తెలుస్తుంది.

పైల్స్ సుత్తితో కొట్టలేమా?

కొట్టొచ్చు. నీటి కింద పనిచేసే హైడ్రాలిక్ సుత్తులున్నాయి, టెన్షన్ లెగ్ ప్లాట్‌ఫారమ్‌లకు (నిలువుగా బిగించిన ఇనుప కాళ్ళతో అడుగుకు కట్టిన తేలే ప్లాట్‌ఫారమ్‌లు) అలా వేశారు కూడా. లోతు పెరిగేకొద్దీ సుత్తి, కేబుళ్ళు, ఓడ ఖర్చు భరించడం కష్టం.

ఆ మట్టి బలం ఎంతో ఎలా తెలుసుకుంటారు?

డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. పైన వేసిన లెక్కలన్నిట్లోనూ ఊహించుకున్నది మీటరుకు 1.5 అనే ఒక్క అంకె. అది 1.2 అయితే మొత్తం కెపాసిటీ అయిదో వంతు పడిపోతుంది.

రెండు దారులున్నాయి. మట్టిని పైకి తేవడం ఒకటి, పరికరాన్ని కిందికి పంపడం రెండు.

పైకి తెచ్చిన కోర్ ట్యూబును ల్యాబ్‌లో నిలువుగా కోసి తెరిస్తే ముందు కుళ్ళిన గుడ్డు వాసన కొడుతుంది. బూడిద, ఆకుపచ్చ కలిసిన రంగు. పక్కలకు అడ్డంగా సన్నని పగుళ్ళు, కొన్నిచోట్ల మధ్యలో విడిపోయి ఖాళీలు. మట్టిలో కరిగి ఉన్న మీథేన్ ప్రెషర్ తగ్గగానే బుడగలై ఉబ్బితే ఇలా అవుతుంది. బలం కొలవడానికి రెక్కలున్న చిన్న కడ్డీని (వేన్) మట్టిలో గుచ్చి మెల్లగా తిప్పుతారు. పగులు దగ్గర గుచ్చితే ఒక అంకె, పక్కన రెండు అంగుళాల దూరంలో ఇంకో అంకె. బంగాళాఖాతంలో 1,000 మీటర్ల దగ్గర నీరు 6, 7 డిగ్రీలుంటుంది. అక్కడి నుంచి వచ్చిన మట్టిని మే నెల చెన్నై ఎండలో లారీలో ఉంచేస్తే ఏ ఫలితాన్నీ నమ్మలేం, అందుకే మొదటి నుంచీ చల్లగా ఉంచాలి.

అందుకని మట్టిని ఉన్నచోటే కొలవడం మేలు. మట్టిలోకి నొక్కి ప్రతిఘటన కొలిచే శంకువు మొన పరికరం, కోన్ పెనెట్రోమీటర్, ఎప్పటినుంచో ఉంది. మెత్తని మట్టికి టీ-బార్ ఇంకా మంచిది: 40 మిల్లీమీటర్ల వ్యాసం, 250 మిల్లీమీటర్ల పొడవున్న అడ్డకడ్డీ. సెకనుకు 20 మిల్లీమీటర్లు దించుతారు, కొలిచిన ప్రతిఘటనను 10.5తో భాగిస్తే షియర్ స్ట్రెంత్. పడమటి ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంలో 1990ల మొదట్లో మొదలైంది. మట్టి కడ్డీ చుట్టూ తిరిగి వెనక కలుసుకుంటుంది కాబట్టి పై బరువుకు సవరణ దాదాపు అక్కర్లేదు. అదే చోట పైకీ కిందికీ పదిసార్లు ఆడిస్తే చెదిరిన మట్టి బలం కూడా వచ్చేస్తుంది, పైల్ దిగడానికి కావలసిన లెక్క అదే.

చెన్నై పళ్ళికరణైలోని ఎన్‌ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) వాళ్ళకు ఇంకా కష్టమైన అనుభవం ఉంది. 2021లో వాళ్ళు మధ్య హిందూ మహాసముద్రంలో 5,270 మీటర్ల లోతున గనుల యంత్రాన్ని నడిపి చూశారు. అంత మెత్తని అడుగు మీద యంత్రం కూరుకుపోకుండా కదలాలి.

పెట్టిన రోజు నుంచే పూర్తి బలం ఉంటుందా?

ఉండదు. దిగేటప్పుడు గోడ పక్కన మట్టి చెదిరి బలం మూడో వంతుకో నాలుగో వంతుకో పడిపోతుంది. అదనపు నీటి ప్రెషర్ తగ్గి మళ్ళీ అంటుకోవడానికి వారాలు, నెలలు పడుతుంది. దీన్ని సెటప్ అంటారు. ఎఫ్‌పీఎస్‌ఓ ఎప్పుడొస్తుందో షెడ్యూలులో చూడకుండా పూర్తి బలం రాసేయకూడదు. తుఫాన్ల కాలానికి ముందు ఎన్ని నెలలు దొరుకుతాయన్నది మన తీరంలో అసలు ప్రశ్న.

సేఫ్టీ ఫ్యాక్టర్ ఎంత పెట్టాలి?

శాశ్వత మూరింగ్‌లో సక్షన్ పైల్‌కి ఏపీఐ 2ఎస్‌కే (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ డిజైన్ మార్గదర్శకం) ప్రకారం అన్ని తాళ్ళూ ఉన్నప్పుడు నిలువు లాగుకు 2.0, పక్క లాగుకు 1.6. ఒక తాడు తెగిందనుకుంటే 1.5, 1.2. తాడు తెగడం ఎందుకు లెక్కలో ఉంటుందని అడిగేవాళ్ళు 2005 చూడాలి. కత్రినా, రీటా తుఫాన్లలో మెక్సికో అఖాతంలో చాలా డ్రిల్లింగ్ రిగ్గులు లంగరు తాళ్ళు తెంపుకుని కొట్టుకుపోయాయి.

లంగర్లు కాక ఇంకేం పునాదులుంటాయి?

బావుల దగ్గర మానిఫోల్డులు (చాలా బావుల పైపులు కలిసే చోట్లు), పైపు చివరలు మడ్‌మ్యాట్లనే వెడల్పాటి పలకల మీద కూర్చుంటాయి. 10 × 20 మీటర్ల పలక, పై మట్టి బలం 3 కిలోపాస్కల్ అయితే మోసేది సుమారు 6 × 3 × 200, అంటే 3,600 కిలోన్యూటన్లు. ఫ్యాక్టర్ 2 పెడితే 180 టన్నులు. వేడి పైపు సాగినప్పుడల్లా పలక జరగకుండా ఆపాలంటే సైజు పెరిగిపోతుంది, అందుకే ఇప్పుడు జరగనిచ్చే మడ్‌మ్యాట్లు కూడా చేస్తున్నారు.

సముద్రం అడుగున కొండచరియలు విరుగుతాయా?

విరుగుతాయి, అన్నిటికంటే భయపడాల్సింది దీనికే. ఎంత మంచి పైల్ అయినా చుట్టూ ఉన్న మట్టే బయల్దేరితే ఏం చేస్తుంది? 2004లో ఐవన్ తుఫానుకు మిసిసిపీ ముఖద్వారం దగ్గర అడుగు జారి టేలర్ ఎనర్జీ ప్లాట్‌ఫారమ్‌ను కూల్చేసింది, అక్కడ చమురు ఏళ్ళ తరబడి కారుతూనే ఉంది. నార్వే ఓర్మెన్ లాంగె గ్యాస్ క్షేత్రం సుమారు 8,200 ఏళ్ళ కిందటి స్టోరెగ్గా జారుడు గుంతలోనే ఉంది. మళ్ళీ జారదని తేల్చుకున్నాకే కట్టారు.

కేజీ బేసిన్ వాలులో పాత జారుళ్ళ ఆనవాళ్ళు సీస్మిక్ సర్వేలో (శబ్ద తరంగాలతో అడుగు కింద చూడడం) కనిపిస్తాయి. పైగా గ్యాస్ హైడ్రేట్లున్నాయి, అంటే మంచులా గట్టిపడిన నీటిలో చిక్కుకున్న గ్యాస్. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే పరిశోధన నౌక తవ్వినప్పుడు ఒకచోట దాదాపు 130 మీటర్ల మందం హైడ్రేట్ పొర దొరికింది. వేడి చమురు పోయే బావుల చుట్టూ అవి కరిగితే మట్టి ఏమవుతుందన్నది డిజైన్‌లో చూసుకోవాలి. లేఅవుట్ గీసేముందు జియాలజిస్టుతో కూర్చోవాలి. మనవాళ్ళు తరచూ గీశాక కూర్చుంటారు.

తేలే గాలిమరలకూ ఇవే లంగర్లా?

అవే. 2017లో మొదలైన హైవిండ్ స్కాట్లాండ్‌లో సక్షన్ లంగర్లే. హైవిండ్ టాంపెన్‌లో 11 మరలకు 19 లంగర్లు, చాలా లంగర్లు ఒకటి కంటే ఎక్కువ మరలను పట్టుకునేలా పంచుకున్నారు.

మావాడికి చెన్నైలో ఈ ఉద్యోగం వచ్చింది బాబూ, సముద్రంలోకి పంపిస్తారా?

కంగారు పడకండమ్మా. డిజైన్ చేసేవాళ్ళు ఎక్కువగా ఓఎంఆర్‌లోనో గిండీలోనో ఏసీ గదిలోనే ఉంటారు. పైల్స్ దించేటప్పుడో మట్టి సర్వేకో కొన్ని వారాలు ఓడ ఎక్కాల్సి రావచ్చు. దానికి ముందు నీటిలో ప్రాణం కాపాడుకునే ట్రైనింగ్, మెడికల్ టెస్టు తప్పనిసరి.

బీటెక్ సివిల్ చదివాను, ఎక్కడ మొదలుపెట్టాలన్నా?

సాయిల్ మెకానిక్స్‌లో కన్సాలిడేషన్, అన్‌డ్రెయిన్డ్ షియర్ అనే రెండు అధ్యాయాలు మళ్ళీ చదువు, ఈసారి పరీక్ష కోసం కాకుండా. ఐఐటీ మద్రాస్‌లో ఓషన్ ఇంజనీరింగ్ విభాగం ఉంది, ప్రాజెక్టుకు అక్కడ ప్రయత్నించు. సాఫ్ట్‌వేర్ నేర్చుకునే ముందు పైన నేను వేసిన సక్షన్ పైల్ లెక్కను మీటరుకు 1.2 పెట్టి, 20 మీటర్ల బదులు 24 మీటర్ల లోతుకు నువ్వే చేతితో వేసి చూడు. దించడానికి ఎంత ప్రెషర్ కావాలో కూడా వెయ్యి. ఇంటర్వ్యూలో నేనడిగేది అలాంటిదే.